పొయ్యి దగ్గరి ఊపిరి

వరదదేశికులవారికి ఒక అలవాటుండేది. ప్రశ్న అడిగినవాడికి ఆయన సమాధానం చెప్పేవారు కారు, పని చెప్పేవారు. "జీవుడికీ దేవుడికీ మధ్య దూరమెంత స్వామీ?" అని ఒక పెద్దమనిషి అడిగితే, "గోశాలలో లేగదూడ కట్టు తెంచుకుంది. దాన్ని పట్టుకుని తల్లి దగ్గర విడిచిపెట్టి రా నాయనా" అన్నారట. వెళ్ళిన మనిషి తిరిగి వచ్చాడు గాని, ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. సమాధానమే దొరికిందో, దూడ వెనకాల పరుగెత్తి అలిసిపోయాడో ఆయనకే తెలియాలి. నాగావళి ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠంలో అలా పనులు చేస్తూ చేస్తూ గట్టెక్కినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో కోదండపాణి ఒకడు. ఈవేళ మనం చెప్పుకునేది అతని సంగతే. అమ్మలారా, అయ్యలారా, కాస్త నిదానంగా వినండి. ఇది పాలు కాగినట్టు సన్నసెగ మీద కాగవలసిన కథ.

కోదండపాణి బళ్ళో తెలుగు చెప్పే మాస్టారు. నెమ్మదైన మనిషి, పిల్లలంటే ప్రాణం. ఒకనాడు పిల్లల చేత పద్యం అప్పజెప్పించుకుంటూ ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, ఒళ్ళంతా చెమటలు పట్టింది, వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇదే ఆఖరి ఊపిరి అనుకుని బల్ల పట్టుకుని కూలబడ్డాడు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, "గుండెకేం ఢోకా లేదు మాస్టారూ, ఇది మనసులో పుట్టే భయం" అన్నారు. మాత్రలిచ్చారు, రోజూ నడవమన్నారు. మాత్రలు వేసుకున్నాడు, నడిచాడు. సగం తగ్గింది. మిగిలిన సగం అతన్ని విడవలేదు. పొద్దున పెళ్ళివారిల్లులా ఉండే మనసు మధ్యాహ్నానికి కర్మ జరుగుతున్న ఇల్లులా అయిపోయేది. కారణం లేకుండా చిరాకు, ఆ చిరాకు వెనకనే ఏడుపు, ఏడుపు అణిగాక సిగ్గు. బళ్ళో అడుగుపెట్టాలంటే కాళ్ళు వెనక్కి లాగేవి. మళ్ళీ ఒక్కసారి భయం లేకుండా పిల్లల ముందు నిలబడాలి. అతని కోరికల్లా అదొక్కటే. ఆ కోరికతోనే సెలవు పెట్టి, ధ్యానం నేర్చుకుందామని మఠానికి వచ్చాడు.

వచ్చేటప్పుడు నడుముకి ఒక గుడ్డసంచి కట్టుకుని వచ్చాడు. దాని వెనక ఒక సంగతుంది. ఇంటి దగ్గర ఓసారి భయం మీదపడ్డప్పుడు చేతికందిన వట్టివేళ్ళ విసనకర్రను ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో, తెగిన గాలిపటంలా పోతున్న ఊపిరి మెల్లగా దారిలో పడింది. అప్పటినుంచి ఒక్కొక్కటే కూడబెట్టాడు. భయానికి వట్టివేరు, చిరాకుకి గంధపుచెక్క, దిగులుకి మరువం, ఇవేవీ పలకనప్పుడు చిటికెడు పచ్చకర్పూరం. అందరూ ధ్యానంలో కళ్ళు మూసుకుంటే ఇతను సంచి ముడి విప్పుకునేవాడు.

మఠంలో నరహరి అని పెద్ద శిష్యుడు ఉండేవాడు. మంచివాడే, కాని నాలుకకి శొంఠి రాసుకుని పుట్టిన మనిషి. నాలుగు రోజులు చూసి, ఐదోనాడు ఏటిగట్టు మీద కోదండపాణిని పట్టుకున్నాడు. "ఏం పంతులూ, ఊపిరి పీల్చుకోవడానికి కూడా నీకు సరుకులు కావాలా?" అన్నాడు. కోదండపాణి నవ్వి ఊరుకోబోయాడు. నరహరి ఊరుకోలేదు. "ముకుతాడు వేస్తే ఎద్దు ఆగుతుంది, కాదనను. ఆగింది గదా అని అది సాధువైపోయిందనుకుంటామా? రేపు నీ సంచి ఏట్లో కొట్టుకుపోతే ఎవర్ని పట్టుకుంటావు? ఇంద్రియాలను గెలవడానికి వచ్చి ముక్కుకి ముడుపులు కడుతున్నావు."

ఆ మాట సూటిగా దిగింది. నరహరి మీద కోపం వచ్చింది, వెంటనే అది తనమీదికే తిరిగింది. కోదండపాణి తిన్నగా దేశికులవారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని కొబ్బరిపీచుతో తాడు పేనుకుంటున్నారు. సాష్టాంగపడి లేచి, చేతులు కట్టుకుని అడిగాడు: "స్వామీ, వాసనలతో మనసుని నిలబెట్టుకోవడం తప్పా? ఇది నాకు మందా, వ్యసనమా? ఉంచుకోమంటే ఉంచుకుంటాను. ఏట్లో పారెయ్యమంటే ఇప్పుడే పారేస్తాను."

దేశికులవారు తాడు పక్కన పెట్టి చెయ్యి చాపారు. కోదండపాణి సంచి ఇచ్చాడు. ఆయన ఒక్కొక్క పొట్లమే విప్పి చూసి, ఎలా ఉన్నవి అలాగే మడిచి, సంచి తిరిగి ఇచ్చేశారు. "మన పేరిందేవమ్మకి కొన్నాళ్ళుగా మనసు బాగాలేదు నాయనా. ఇవి పట్టుకెళ్ళు. ఆవిడకేది పనికొస్తుందో చూసి రా" అన్నారు. అని మళ్ళీ తాడు అందుకున్నారు.

పేరిందేవమ్మ ఎవరో చెప్పాలి. మఠంలో వెలసిన వేణుగోపాలుడికి నైవేద్యం వండే చెయ్యి ఆవిడది. పెనిమిటి పోయాక మఠానికి వచ్చి గరిటె పట్టుకుంది. తల నెరిసినా ఆ గరిటె మరొకరికి ఇవ్వలేదు. దేవుడి వంట సంగతి మీకు తెలియనిది కాదు. మన ఇళ్ళల్లోలా అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూసే వంట కాదది. వండినవాళ్ళు రుచి చూడకూడదు, మొదటి ముద్ద ఆయనది. మరి పప్పు వేగిందో లేదో, బెల్లం ముదిరిందో లేదో ఎలా తెలియాలి? ఆవిరి చెప్పాలి. పేరిందేవమ్మకి ఆవిరి చెప్పేది. గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకునే, "పాలు పొంగుకొస్తున్నాయి, మూత తియ్యండి" అనేది. "నైవేద్యం వాసన కూడా చూడకూడదంటారమ్మా" అని నరహరి ఒకసారి శాస్త్రం తీశాడు. "వాసన దగ్గరికి నేను పోను నాయనా, అదే నా దగ్గరికి వస్తుంది. పొయ్యి ముందు ఊపిరి బిగబట్టుకుని కూచోమంటావా?" అందావిడ. నరహరి తీసిన శాస్త్రం మళ్ళీ మడిచి పెట్టుకున్నాడు.

ఆ ఏడు చలికాలంలో ఆవిడకి జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం తగ్గింది గాని, వెళ్తూ వెళ్తూ ముక్కుకున్న శక్తిని పట్టుకుపోయింది. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే గరిటె తీసేసుకుంటారేమోనని బెంగ. అదే తిరిగొస్తుందిలే అనుకుని, అంచనా మీద వండుతూ వచ్చింది. ఒకనాడు చక్రపొంగలి అడుగంటింది. ఆవిడకి తెలియలేదు. గిన్నె తెర లోపలికి వెళ్ళింది, గంట మోగింది, స్వామికి నివేదన అయింది, బయటికి తెచ్చి పంచారు. వరసలో కూర్చున్న ఒక పసిపిల్ల నోట్లో పెట్టుకున్నది ఉమ్మేసి, "అమ్మా, మాడుకంపు" అంది. పిల్ల మాటకి అందరూ నవ్వేశారు. పేరిందేవమ్మ నవ్వలేదు. మాడిన అన్నం నా తండ్రికి పెట్టాను, పెట్టానన్న సంగతి కూడా నాకు తెలియలేదు అన్నది ఆవిడ గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. మర్నాటినుంచి పొయ్యి వెలగలేదు. గోపాలుడికి పళ్ళూ, పచ్చిపాలూ, బెల్లంముక్కతోనే గడుస్తోంది. ఆవిడ గదిలోంచి బయటికి వచ్చేది కాదు. వస్తే, ఎక్కడో ఏదో మాడిపోతోందన్న అనుమానంతో వచ్చేది. వంటింట్లోకి వెళ్ళి ఆరిపోయిన పొయ్యి మీద చెయ్యి పెట్టేది. చల్లగా తగిలినా నమ్మకం కుదరక మళ్ళీ పెట్టేది. మఠంలో వాళ్ళంతా ఆవిడ చిన్నబుచ్చుకుందనే అనుకున్నారు. దేశికులవారికి అసలు సంగతి తెలుసా అంటే, ఆయనకేం తెలుసో ఏం తెలియదో చెప్పగలవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

కోదండపాణి మాత్రం హుషారుగానే వెళ్ళాడు. తన సంచిని గురువుగారు తప్పుపట్టలేదు, పైగా దాన్ని ఇంకొకరికి వైద్యంగా పంపారు. అంతకన్నా ఏం కావాలి? ఆవిడ గది తలుపు సగం మూసి ఉంది. "పెద్దమ్మా" అని పిలిచి గుమ్మంలో కూర్చున్నాడు. ఆవిడ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. లేచి పైట సర్దుకుంది. మనిషి సగమైపోయింది. అన్నం నోటికి మట్టిలా ఉందట, సరిగా తినడం లేదు. కోదండపాణి వట్టివేరు తీసి, కాస్త నీళ్ళు చిలకరించి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఒక్కసారి గట్టిగా పీల్చండి పెద్దమ్మా. గుండె కుదుటపడుతుంది. నా మాట నమ్మండి."

ఆవిడ పీల్చింది. అతని ముఖంలోకి చూసింది. "ఏముంది నాయనా ఇందులో?" అంది.

వేళాకోళమనుకున్నాడు. మరువం రెమ్మ ఇచ్చాడు. ఆవిడ దాన్ని నలిపి చూసి పక్కన పెట్టింది. గంధపుచెక్క రాతి మీద నాలుగు చుట్లు అరగదీసి ఇచ్చాడు. అదీ పక్కకే పోయింది. చివరికి పచ్చకర్పూరం పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టాడు. ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. "ఇదిగో, ఇది పనిచేసింది" అన్నాడు కోదండపాణి.

"కళ్ళు మండాయి నాయనా. అంతే. వాసన లేదు." ఆవిడ చెంగుతో కళ్ళొత్తుకుంది. "జ్వరంతో పోయింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నీకే చెబుతున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదమని పంపారా స్వామి నిన్ను?"

కోదండపాణికి తల కొట్టేసినట్టయింది. పొట్లాలు పోగు చేసుకోవడానికి వంగాడు. "వెళ్ళిపోకు" అంది ఆవిడ. "నాకు రాకపోతేనేం, నీకు వస్తోంది కదా. ఎలా ఉందో చెప్పు."

"ఏది పెద్దమ్మా?"

"మొదట ఇచ్చావే, ఆ వేరు."

"బాగుంది."

"బాగుందన్నది వాసన కాదు నాయనా. నన్ను మరిపించడానికి చెప్పే మాట."

అతను వట్టివేరు చేతిలోకి తీసుకున్నాడు. "మొదటి వాన పడ్డ మట్టిలా..." అని మొదలుపెట్టాడు.

"అది అందరూ చెప్పేదే. పుస్తకంలోంచి తీసి చెబుతున్నావు. నీకేం తగులుతోందో చెప్పు."

మరి పంతులుగారాయె, మాట కోసం వెతుక్కోవడం అతనికి అలవాటు లేదు. కళ్ళు మూసుకున్నాడు. ఎప్పుడూ భయంతో గబగబా పీల్చి వదిలేసే వాసన అది. ఈసారి పక్కనున్న మనిషికి చెప్పాలి గనక నెమ్మదిగా పీల్చి, లోపల కాసేపు ఉంచుకున్నాడు. "మా నాన్న తాలూకా కచ్చేరీలో పనిచేసేవాడు పెద్దమ్మా. ఎండాకాలంలో అక్కడ వరండాకి వట్టివేళ్ళ తడికెలు కట్టేవాళ్ళు. బంట్రోతు చెంబుతో నీళ్ళు కొట్టి వెళ్ళేవాడు. ఆ తడికె వెనక గచ్చు మీద బోర్లా పడుకునేవాణ్ణి. నీడ తడిగా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. లోపల మా నాన్న దగ్గు వినిపిస్తూ ఉండేది. ఆయన ఉన్నాడులే అనుకుని నిద్రపోయేవాణ్ణి." ఎవరికీ చెప్పని ముచ్చట అది. తనకే అంతవరకూ గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి పేరిందేవమ్మ గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి తీస్తోంది. "నీడ తడిగా ఉంటే" అని మెల్లగా అనుకుంది. "ఊఁ. ఇప్పుడు కొంచెం అందింది."

అలా పొద్దు వాలేదాకా కూర్చున్నారు. మరువం సంగతి చెప్పించుకుంది, గంధం సంగతి చెప్పించుకుంది. నచ్చకపోతే "మళ్ళీ చెప్పు" అనేది. అప్పుడు అడిగింది: "వేయించిన పెసరపప్పు వాసన ఎరుగుదువా?"

"ఎరుగుదును."

"పచ్చివాసన పోయి కమ్మదనం తిరిగే ఘడియ?"

"అది తెలియదు పెద్దమ్మా."

"నేను చెబితే తెలుసుకుంటావా?" అని, వెంటనే చేతులు ఒళ్ళో ముడుచుకుంది. "వద్దులే. మళ్ళీ మాడిపోతే?"

ఆ ప్రశ్న కోదండపాణికి కొత్తది కాదు. మళ్ళీ వస్తే, మళ్ళీ వస్తే అని తన లోపల రాత్రింబగళ్ళు తిరిగే తిరగలి అదే. "నాకూ అలాంటి భయమే ఉంది పెద్దమ్మా" అన్నాడు.

"దేనికి నాయనా?"

"దేనికో తెలియదు. అదే నా భయం."

పేరిందేవమ్మ అతని వంక తేరిపార చూసి, జ్వరం తగ్గాక మొదటిసారి నవ్వింది. "అయితే నీకన్నా నేనే నయం. భయపడటానికి నాకు పొయ్యయినా ఉంది."

పేరిందేవమ్మ ఆ రాత్రే తన ముక్కు సంగతి బయటపెట్టి, పంతుల్ని పక్కన పెట్టుకుని మర్నాడు నైవేద్యం వండుతానందన్న కబురు విని నరహరి దేశికులవారి దగ్గరికి వచ్చాడు. "చెయ్యి ఒకరిది, ముక్కు ఒకరిది. ఇదెక్కడి వంట స్వామీ? మళ్ళీ అపచారం జరిగితే ఆ ముసలమ్మ బతుకుతుందా?" అన్నాడు. చెప్పానుగా, మంచివాడే, ఆ అడగడంలో ఆవిడ మీద జాలి కూడా ఉంది. దేశికులవారు పేనిన తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టారు. "ఎన్నాళ్ళనుంచో గోపాలుడు పళ్ళూ పచ్చిపాలతో సరిపెట్టుకుంటున్నాడు నరహరీ. ఎవరి ముక్కు అని ఆయన అడుగుతాడనుకోను" అన్నారు.

తెల్లవారి ఎండ పొడిచాక కోదండపాణి ఏట్లో మునిగి, తడిపంచెతో వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. పేరిందేవమ్మ అప్పటికే లోపల ఉంది. అతని నడుము వంక చూసి, "అది బయటే" అంది. వాడుకున్న వస్తువేదీ ఆ గడప దాటకూడదు. అది అతనికి తెలియక కాదు, తెలిసే కట్టుకొచ్చాడు. సంచి విప్పి బయట గూట్లో పెట్టి, లోపలికి అడుగు వేసి, అప్పగింతలనాటి పెళ్ళికూతురు పుట్టింటి గుమ్మాన్ని చూసినట్టు దానివంక ఒక్కసారి తిరిగి చూశాడు.

పెసరపప్పు మూకుట్లో పడింది. "ఇప్పుడు?" అని ఆవిడ. "పచ్చిగా ఉంది" అని అతను. "ఇప్పుడు?" "ఇంకా పచ్చే. కాదు, ఆగండి, తడిగోడ ఆరుతున్నట్టు ఉంది." "అది మొదటిది. ఇంకా ఉంది." గరిటె తిరుగుతూనే ఉంది. "ఎండలో ఉన్న గడ్డివాము దగ్గర నిలబడినట్టు ఉంది పెద్దమ్మా." ఆవిడ చటుక్కున మూకుడు దించేసింది. పప్పు గింజ ఒకటి వేలితో నొక్కి చూసి తల ఊపింది. బియ్యమూ పప్పూ పాలల్లో ఉడికాయి. కరగబెట్టి వడగట్టిన బెల్లం అందులో పోశాక ఆవిడ గొంతు మారింది. "ఇక్కడే నాయనా. ఆనాడు పోయింది ఇక్కడే. మాడువాసన ఒక్కసారిగా రాదు. ముందు తియ్యదనం అడుగున సన్నగా చేదు జీర పడుతుంది. ఆ జీర పడగానే చెప్పాలి. మాడిందని తెలిసేదాకా ఆగితే ఇక చెప్పడానికేమీ ఉండదు."

అలాగేనన్నాడు. అని, గిన్నె మీదికి ముఖం వంచాడు. సరిగ్గా అప్పుడే వచ్చింది అది. పిలవని పేరంటం. పొయ్యి సెగో, పొగో, ఆవిడ మాటల్లోని బరువో, ఏది లేపిందో గాని, గుండె ఒక్కసారి జారి, తర్వాత పిచ్చిపట్టినట్టు కొట్టుకోసాగింది. చెవులు గింగురుమన్నాయి. వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి గొంతు దగ్గరే తిరిగి తిరిగి పోతోంది, కిందికి దిగడం లేదు. గడప అవతల గూట్లో వట్టివేరు ఉంది. లేచి వెళ్తే అందుతుంది. వెళ్ళి, ఒక్కసారి పీల్చుకుని వచ్చేస్తే? కాని గడప దాటితే మళ్ళీ మునిగి గాని లోపలికి రాకూడదు. ఈలోగా పొంగలి అడుగంటితే ఈవిడకి తెలియదు. ఈవేళ మాడితే ఈవిడ ఇక జన్మలో పొయ్యి వెలిగించదు. ఇవన్నీ అతను ఆలోచించలేదు, ఒక్కసారే కనిపించాయి.

"ఇప్పుడెలా ఉంది?" అని పేరిందేవమ్మ అడిగింది. అతను పలకలేదు. ఆవిడ తల ఎత్తి చూసింది. పాలిపోయిన ముఖం, వణుకుతున్న గడ్డం. జ్వరం తగ్గాక తన ముఖం అద్దంలో ఎలా ఉండేదో అలాగే ఉంది. భయపడకు అనలేదు. ఏమీ కాదు అని కూడా అనలేదు. అలాంటి మాటలు వినీ వినీ ఆవిడకే విసుగు పుట్టింది. "రాకపోతే రావడం లేదని చెప్పు నాయనా. ఫరవాలేదు. నేను గరిటె ఆపను" అంది. అని, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. చేయి వణుకుతోంది. ఆ వణుకుతున్న చేత్తోనే తిప్పుతోంది.

"రావడం లేదు పెద్దమ్మా" అన్నాడు. ఆ మాట అనడానికి గొంతులో ఉన్న గాలంతా ఖర్చయింది. గాలి ఖాళీ అయిన చోటికి కొత్తగాలి తనంత తానే దిగింది. దాని వెంట కొంచెం పాలవాసన. ఎక్కడో దూరంగా, పక్క వీధిలో ఎవరో పాలు కాస్తున్నట్టు. "పాలు" అన్నాడు. "ఊఁ. ఇంకా?" "బెల్లం. చెరుకు గానుగ దగ్గర ఉండే బెల్లం. ఇంకా పల్చగానే ఉంది." "ఊఁ." భయం పోలేదండీ. ఉన్నచోటే ఉంది, కొట్టుకునే గుండె కొట్టుకుంటూనే ఉంది. కాని ఆవిడకి చెప్పాలంటే పీల్చాలి, పీల్చాలంటే నెమ్మదిగా పీల్చాలి. నెమ్మదిగా పీలుస్తూ ఒక్కొక్క మాటే చెప్పాడు. నెయ్యి పడింది, చెప్పాడు. యాలకులు పడ్డాయి, చెప్పాడు. తియ్యదనం చిక్కబడుతోంది, చెప్పాడు. ఆ చిక్కదనం కింద ఎక్కడో, తలవెంట్రుక మందాన, ఏదో కదిలింది.

"జీర" అన్నాడు.

పేరిందేవమ్మ కట్టెలు ఒక్క చేత్తో వెనక్కి లాగేసి, రెండు చేతులా మసిగుడ్డతో గిన్నె పట్టి కింద దించింది. అడుగునుంచి ఒక్కసారి కలిపింది. గరిటె సాఫీగా తిరిగింది, ఎక్కడా పట్టుకోలేదు. చిటికెడు పచ్చకర్పూరం నలిపి చల్లి, మూత పెట్టి, అక్కడే నేల మీద కూలబడింది. ఏటి అవతల ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

గిన్నె తెర లోపలికి వెళ్ళింది. గంట మోగినంతసేపూ పేరిందేవమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రసాదం బయటికి వచ్చింది. ముందు వరసలో నరహరి దొప్పలో పెట్టించుకున్నాడు. ఆవిడ కళ్ళు అతని నోటి మీదే ఉన్నాయి. తనకు తెలియనిది ఆ ముఖంలో చదువుకోవాలి మరి. నరహరి నమిలాడు. మింగాడు. మాట్లాడకుండా ఖాళీ దొప్ప మళ్ళీ ముందుకు చాపాడు. నరహరి మాట్లాడకుండా ఏ పనైనా చెయ్యడం ఆ మఠంలో అదే మొదలని చెప్పుకుంటారు. అప్పుడు పేరిందేవమ్మ తనూ ఒక ముద్ద నోట్లో వేసుకుంది. నాలుక మీద తీపి తగిలింది, గొంతులో వెచ్చదనం తగిలింది. మిగతాదంతా ఖాళీ. పక్కన నిలబడ్డ కోదండపాణి వైపు ఒరిగి, "ఎలా ఉంది నాయనా?" అని అడిగింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, నములుతూ వింది.

అందరూ లేచి వెళ్ళాక కోదండపాణి దేశికులవారి దగ్గరికి వచ్చాడు. తడిపంచె ఒంటిమీదే ఆరిపోయింది. ఆయన దొప్పలో మిగిలిన మెతుకులు ఏరుకుని తింటున్నారు.

"స్వామీ, లోపల ఉండగా భయం వచ్చింది" అన్నాడు.

"పోయిందా?"

"పోలేదు. ఇప్పటికీ కొంచెం ఉంది. రేపు మళ్ళీ వస్తుందేమో స్వామీ."

దేశికులవారు ఆఖరి మెతుకు నోట్లో వేసుకుని, దొప్ప మడిచి, చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

"వస్తుంది నాయనా. గోపాలుడికీ రేపు మళ్ళీ ఆకలేస్తుంది."